హరిత ఆర్థిక వ్యవస్థకు మొదటి అడుగు ఎక్కడ? అభివృద్ధి చెందుతున్న దేశాల ముందున్న ఆరు దారుల పోలిక

హరిత ఆర్థిక వ్యవస్థ, అంటే కాలుష్యం, కర్బన ఉద్గారాలు తగ్గించుకుంటూ ఎదిగే వ్యవస్థ, కావాలా వద్దా అనే వాదన చాలా దేశాల్లో ఎప్పుడో సద్దుమణిగింది. మిగిలిన ప్రశ్న అంతకంటే చిక్కుది: ఎక్కడ మొదలుపెట్టాలి? ఖజానాలో ఉన్నది అంతంతమాత్రం. పని తెలిసిన అధికారులు కొద్దిమంది. ఒక ఎన్నికకూ ఇంకో ఎన్నికకూ మధ్య గట్టిగా పనిచేయడానికి దొరికేది మూడు నాలుగేళ్లు. అన్నీ ఒకేసారి మొదలుపెట్టండని చెప్పే నివేదికలకు మాత్రం కొదవ లేదు. వాటిని రాసినవారికి ఖజానా నడిపే బాధ్యత లేదు కదా!

ప్రభుత్వ విభాగంలో ముసాయిదా తయారుచేస్తున్నవారికి, ఈ విషయం మీద రాసేవారికి, కార్మిక సంఘాల తరఫున మాట్లాడేవారికి ఉపయోగపడేలా ఆరు దారులను ఇక్కడ పక్కపక్కన పెట్టాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. దాదాపు ఏ దారి పట్టినా నష్టం ముందు వస్తుంది, అదీ కొందరి మీదే, కళ్లకు కట్టినట్టు వస్తుంది. లాభం ఆలస్యంగా, అందరికీ పలచగా అందుతుంది. ఆ మధ్యకాలాన్ని ఎలా గట్టెక్కిస్తారన్నదాన్ని బట్టే దారి ఎంచుకోవాలి. ఏది ఎక్కువ పచ్చగా ఉందన్నది ఆ తరువాతి సంగతి.

దేనితో కొలవాలి

మొదటి కొలత: దెబ్బ ముందు ఎవరికి తగులుతుంది? పెట్రోలు ధర పెరిగితే మర్నాటికల్లా బస్సు చార్జీ పెరుగుతుంది. బొగ్గు విద్యుత్ కేంద్రం మూతపడితే అక్కడి కాంట్రాక్టు కార్మికుడికి ఆ నెల నుంచే జీతం ఉండదు. గాలి శుభ్రపడటం, ఇంధన దిగుమతి బిల్లు తగ్గడం వంటి ఫలితాలకు ఏళ్లు పడుతుంది. వచ్చాక కూడా అది తన సొంత లాభమని ఎవరూ లెక్క వేసుకోరు.

రెండోది డబ్బు. ఎంత అన్నదొక్కటే కాదు, ఏ కరెన్సీలో, ఎంత వడ్డీకి అన్నది కూడా చూడాలి. 2010 తరువాతి పదేళ్లలో సౌర ఫలకాల ధర సుమారు 90 శాతం పడిపోయింది. అయినా ఎండ దండిగా ఉన్న పేద దేశాల్లో సౌర విద్యుత్తు అనుకున్నంత చవకగా రావడం లేదు. సౌర కేంద్రానికి ఖర్చంతా మొదట్లోనే అవుతుంది. ఆ తరువాత ఇంధనం కొనే పని లేదు. అందుకని యూనిట్ ధరను తేల్చేది ఎండ కంటే ఎక్కువగా వడ్డీ రేటే. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల ప్రకారం వర్ధమాన దేశాల్లో ఇలాంటి కేంద్రాలకు మూలధన వ్యయం సంపన్న దేశాలతో పోలిస్తే రెట్టింపుకు పైనే. పైగా అప్పు డాలర్లలో, వసూళ్లు స్థానిక కరెన్సీలో ఉంటే, మారకపు రేటు పడిపోయిన ప్రతిసారీ కిస్తీ భారం పెరుగుతుంది.

మూడోది, యంత్రాంగం సత్తా. విధానం కాగితం మీద ఎంత బాగున్నా, లబ్ధిదారుల జాబితా లేని దేశం నగదు బదిలీ చేయలేదు. కరెంటు బిల్లులు సరిగా వసూలు చేయలేని పంపిణీ సంస్థ ఇరవై ఏళ్ల కొనుగోలు ఒప్పందానికి కట్టుబడి ఉండలేదు.

నాలుగోది, వెనక్కి తిప్పడం ఎంత తేలిక? ఒక్క ఉత్తర్వుతో వచ్చినదాన్ని ఇంకో ఉత్తర్వు తుడిచేయగలదు. నిలబెట్టిన గాలిమరను మాత్రం ప్రభుత్వం మారినంత మాత్రాన ఎవరూ కూల్చరు.

ఒక్క చూపులో

| దారి | ముందు దెబ్బ తగిలేది | మొదట్లో కావలసిన డబ్బు | యంత్రాంగం మీద భారం | బెడిసికొట్టే చోటు |
|---|---|---|---|---|
| ఇంధన సబ్సిడీ కోత, కర్బన పన్ను | పట్టణ పేదలు, రవాణా రంగం | తక్కువ. ఖజానాకే మిగులు | నగదు బదిలీ తెలియాలి | పరిహారం కంటే ధర ముందు పెరిగితే |
| పునరుత్పాదక విద్యుత్ వేలాలు | పాత విద్యుత్ కేంద్రాలు | ఎక్కువ, కానీ ప్రైవేటుది | మధ్యస్థం | గ్రిడ్ వెనకబడితే |
| అంతర్జాతీయ వాతావరణ నిధులు | బొగ్గు ప్రాంతాలు | బయటి నుంచి వస్తుంది | చర్చలకు నిపుణులు కావాలి | గ్రాంటు అనుకున్నది అప్పుగా తేలితే |
| నిషేధాలు | రైతులు, చిన్న వ్యాపారులు | దాదాపు లేదు | తనిఖీ భారం | ప్రత్యామ్నాయం లేకపోతే |
| ఖనిజాలకు స్థానిక శుద్ధి | గనుల చుట్టుపక్కల ఊళ్లు | చాలా ఎక్కువ | ఎక్కువ | బొగ్గు కరెంటుతో నడిస్తే |
| అడవులు కాపాడినవారికి చెల్లింపు | దాదాపు ఎవరూ లేరు | నిలకడైన చిన్న ఆదాయం | భూమి రికార్డులు కావాలి | హక్కుపత్రాలు లేని చోట |

ధర సరిచేయడం

ఆర్థికవేత్తలకు అన్నిటికంటే ఇష్టమైన దారి ఇది. వీధుల్లో మంటలు రేగేది కూడా ఎక్కువగా ఇక్కడే. కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ఇరాన్ ఒకే పనిని రెండుసార్లు రెండు రకాలుగా చేసింది. 2010లో ప్రభుత్వం ఇంధన సబ్సిడీలు తగ్గించాలనుకున్నప్పుడు ముందుగా కుటుంబాల పేరిట బ్యాంకు ఖాతాలు తెరిపించింది. అక్టోబరులో వాటిలో డబ్బు జమ చేసింది. ఖాతాలో డబ్బు కనిపిస్తూనే ఉంటుంది, తీయడానికి మాత్రం వీల్లేదు. డిసెంబరులో కోటా పెట్రోలు ధర లీటరుకు 1,000 రియాళ్ల నుంచి 4,000కు పెంచినప్పుడే ఆ డబ్బు తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. మనిషికి నెలకు 4,55,000 రియాళ్లు. నాలుగు రెట్ల పెంపుదల పెద్ద అలజడి లేకుండా గడిచిపోయింది. 2019 నవంబరులో అదే దేశం అర్ధరాత్రి ప్రకటనతో కోటా ధరను సగం పెంచింది, కోటా దాటితే మూడు రెట్లు చేసింది. పరిహారం వెనుక వస్తుందంది. దేశమంతా నిరసనలు చెలరేగాయి. ఇంటర్నెట్ ఆపేశారు. కాల్పుల్లో వందలమంది చనిపోయారు. 2019 నాటికి ఆంక్షలతో జనం అప్పటికే విసిగిపోయి ఉన్నారు కాబట్టి తేడా అంతా వరుసక్రమానిదే అనలేం. కానీ నాలుగు రెట్లకు ఊరుకున్న దేశం సగం పెంపునకు భగ్గుమనడాన్ని ఈ దారి పట్టాలనుకునే ఆర్థిక మంత్రులందరూ గుర్తుంచుకోవాలి.

2010 పథకానికీ ఒక లోపం ఉంది. చెల్లింపును ద్రవ్యోల్బణానికి ముడిపెట్టలేదు. కొన్నేళ్లలో ఆ మొత్తం విలువ కరిగిపోయింది, ఇంధనం మళ్లీ సబ్సిడీలోకి జారింది.

నైజీరియా 2012 జనవరి 1న సబ్సిడీ ఎత్తేసింది. 65 నైరాలున్న లీటరు పెట్రోలు రాత్రికి రాత్రి రెట్టింపు దాటింది. సార్వత్రిక సమ్మె మొదలయ్యాక రెండు వారాల్లోపే ధరను 97కు దించారు. ఇండోనేషియా దీనికి భిన్నంగా 2014 రెండో సగంలో ప్రపంచ చమురు ధరలు సగానికి పడిపోయేదాకా ఆగి, 2015 జనవరి 1న పెట్రోలు సబ్సిడీ తీసేసింది. బంకు దగ్గర ధర పెద్దగా పెరగకపోవడంతో గొడవే లేకపోయింది. చమురు ధర పడిపోయిన కాలం ఇలాంటి సంస్కరణకు ఉచితంగా దొరికే అవకాశం. అది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు కాబట్టి జాబితాలు, ఖాతాలు ముందే సిద్ధంగా ఉండాలి.

కర్బన పన్ను సంగతి కొంచెం వేరు. వెలువడే కార్బన్ డయాక్సైడ్ మీద టన్నుకు ఇంత అని వేసే పన్ను ఇది. దక్షిణాఫ్రికా 2019 జూన్‌లో టన్నుకు 120 రాండ్ల చొప్పున మొదలుపెట్టింది. ఇది ఎక్కువగా పెద్ద సంస్థల దగ్గర వసూలయ్యేది కాబట్టి పెట్రోలు సబ్సిడీ కోతలా అంత నేరుగా ఇంటింటికీ తగలదు. యూరప్‌కు ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు ఎగుమతి చేసే దేశాలకు ఇప్పుడు దీనికో కొత్త కారణం తోడైంది. దిగుమతి సరుకు తయారీలో వెలువడిన కర్బనం మీద యూరోపియన్ యూనియన్ వేసే సరిహద్దు కర్బన సుంకం 2026 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. సొంత దేశంలో కట్టిన కర్బన పన్నును అందులో మినహాయిస్తారు. మీరు వసూలు చేయకపోతే ఆ డబ్బు యూరప్ ఖజానాకు పోతుంది, అంతే తేడా.

వేలాలు, గ్రిడ్

తక్కువ ధరకు కరెంటు ఇస్తామన్నవారిని వేలంలో ఎంచుకుని వారితో కొనుగోలు ఒప్పందం చేసుకోవడం ఈ దారి. ఎటూ తేల్చుకోలేని దేశానికి ఒకే దారి చెప్పమంటే నేను చెప్పేది ఇదే. ఇందులో ముందుగా నష్టపోయేవారు తక్కువ, కట్టినది నిలిచి ఉంటుంది.

ఉరుగ్వేలో చమురు, బొగ్గు, గ్యాస్ ఏవీ లేవు. వానలు తగ్గినప్పుడల్లా జలవిద్యుత్తు పడిపోయి, ఖరీదైన ఇంధనం దిగుమతి చేసుకోవలసి వచ్చేది. 2008లో ఇంధన విధానాన్ని ప్రకటించారు. ఆ బాధ్యత చేపట్టిన రమోన్ మెండెస్ వృత్తిరీత్యా భౌతికశాస్త్రవేత్త. 2010లో ప్రతిపక్షాలు సహా పార్లమెంటులోని పార్టీలన్నీ ఆ విధానం మీద ఒప్పందానికి వచ్చాయి. నా దృష్టిలో గాలిమరల కంటే ముఖ్యమైన నిర్మాణం ఇదే. ప్రభుత్వం మారినా ఒప్పందం చెల్లుతుందని పెట్టుబడిదారుకు నమ్మకం కుదిరితే వడ్డీ తగ్గుతుంది, వడ్డీ తగ్గితే యూనిట్ ధర తగ్గుతుంది. ప్రభుత్వ విద్యుత్ సంస్థ వేలాల ద్వారా దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలు చేసుకుంది. పదేళ్లు తిరిగేసరికి దాదాపు ఏమీ లేని చోటు నుంచి దేశ విద్యుత్తులో మూడో వంతు దాకా గాలి నుంచే రావడం మొదలైంది. గాలి తగ్గినప్పుడు ఆదుకోవడానికి పాత జలాశయాలు ఉండటం వారికి కలిసొచ్చిన అదృష్టం. అందరికీ అది ఉండదు.

వియత్నాం వేలాలు పెట్టలేదు. సౌర విద్యుత్తు యూనిట్‌కు 9.35 అమెరికన్ సెంట్లు ఇస్తామని, 2019 జూన్ 30లోపు ఉత్పత్తి మొదలుపెట్టాలని గడువు విధించింది. జనం ఎగబడ్డారు. 2018లో నామమాత్రంగా ఉన్న సౌర సామర్థ్యం 2020 చివరికల్లా 16,000 మెగావాట్లు దాటింది. ఏ దేశమైనా అసూయపడే వేగమది. పెద్ద కేంద్రాలు చాలావరకు మాత్రం దక్షిణాన ఎండ బాగా కాసే నిన్ తువాన్, బిన్ తువాన్ వంటి రాష్ట్రాల్లో గుమిగూడాయి. ఆ కరెంటును మోసుకెళ్లే లైన్లు చాలక ఉత్పత్తిని ఆపమని చెప్పవలసి వచ్చింది. 2023 మే, జూన్ నెలల్లో ఉత్తర వియత్నాంలో ఫ్యాక్టరీలు కరెంటు కోతలతో ఆగిపోయినప్పుడు ఆ లోటు తీర్చేంత విద్యుత్తును దక్షిణం నుంచి పంపే దారి లేకపోయింది. ఉత్తరానికి వెళ్లే కొత్త 500 కిలోవోల్టుల లైను 2024 ఆగస్టులో గానీ పూర్తికాలేదు.

సౌర కేంద్రం ఏడాదిలో కట్టవచ్చు. ట్రాన్స్‌మిషన్ లైనుకు భూసేకరణే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందుకని లైను ఎక్కడ వస్తుందో తేల్చిన తరువాతే వేలం ఎక్కడ పెట్టాలో నిర్ణయించాలి. రిబ్బను కత్తిరింపులకు సౌర పార్కులు బాగుంటాయి కాబట్టి ఈ వరుస తరచూ తిరగబడుతుంది.

బయటి డబ్బు

2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో దక్షిణాఫ్రికా బొగ్గు నుంచి బయటపడేందుకు సంపన్న దేశాలు 850 కోట్ల డాలర్ల సాయం ప్రకటించాయి. ఆ తరువాత ఇండోనేషియాకు 2,000 కోట్లు, వియత్నాంకు 1,550 కోట్లు. పత్రికల్లో ఇవి సాయంగానే కనిపించాయి. దక్షిణాఫ్రికా ప్యాకేజీ విడమరిచి చూస్తే అందులో గ్రాంటు సుమారు 4 శాతమే. మిగతాది చాలావరకు అప్పులు, హామీలు. 2025లో అమెరికా ఈ ఏర్పాటు నుంచే తప్పుకుంది.

దక్షిణాఫ్రికాలోనే కొమాటి బొగ్గు విద్యుత్ కేంద్రం 2022 అక్టోబరులో మూతపడింది. దాన్ని సౌర, పవన, బ్యాటరీ కేంద్రంగా మార్చేందుకు ప్రపంచ బ్యాంకు డబ్బిచ్చింది. శిక్షణ కేంద్రం పెట్టారు, కంటైనర్లలో అమర్చే చిన్న సౌర గ్రిడ్‌ల తయారీ మొదలుపెట్టారు. విద్యుత్ సంస్థ సొంత ఉద్యోగులకు వేరే కేంద్రాల్లో చోటు దొరికింది. కాంట్రాక్టు పనివారికి, వారి జీతాల మీద బతికే ఊరి వ్యాపారాలకు ఆ అవకాశం లేదు. పాతది మూతపడిన రోజుకూ కొత్తది నిలదొక్కుకునే రోజుకూ మధ్య ఊరు దేనితో బతకాలన్నది ప్రణాళికలో సరిగా లేదు. దేశమంతా కరెంటు కోతలతో సతమతమవుతున్నప్పుడే ఒక కేంద్రాన్ని మూయడం ఈ మార్పు మీద జనానికున్న నమ్మకాన్నీ దెబ్బతీసింది.

మాటల మీద ఆశపెట్టుకుంటే ఏమవుతుందో ఈక్వడార్‌ను అడగాలి. యసునీ అడవి కింది చమురును తవ్వకుండా వదిలేస్తాం, అందుకు ప్రపంచం 360 కోట్ల డాలర్లు ఇవ్వాలని 2007లో కోరింది. 2013లో ప్రయత్నం వదులుకునేనాటికి చేతికొచ్చింది దాదాపు 1.3 కోట్ల డాలర్లు. తవ్వకం మొదలైంది. దాన్ని ఆపమని చివరికి చెప్పింది దాతలు కాదు, 2023 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసిన సొంత ప్రజలే.

అప్పుల ఊబిలో ఉన్న చిన్న దేశానికి మాత్రం ఒక చిన్న కిటికీ ఉంది. బెలీజ్ 2021లో తన 55.3 కోట్ల డాలర్ల బాండ్లను డాలరుకు 55 సెంట్ల చొప్పున తిరిగి కొనుగోలు చేసి, బదులుగా సముద్ర ప్రాంతంలో 30 శాతాన్ని కాపాడతానని ఒప్పుకుంది. బాండ్లు అప్పటికే అంత చవకబడి ఉన్నాయి కాబట్టి లెక్క కుదిరింది. అప్పు సక్రమంగా తీరుస్తున్న దేశానికి ఇలాంటి తగ్గింపు ఎవరూ ఇవ్వరు.

నిషేధాలు

ఖర్చు లేనిది, వార్తల్లో నిలిచేది కాబట్టి నాయకులకు ఇష్టమైనది. శ్రీలంక 2021 మేలో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించింది. విదేశీ మారకం మిగుల్చుకోవాలన్న తొందర కూడా అందులో ఉంది. దేశానికి సరిపడా సేంద్రియ ఎరువు ఒక్క సీజనులో తయారుకాదు. వరి దిగుబడి పడిపోయింది, బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది, నవంబరుకల్లా నిషేధం ఎత్తేశారు. కెన్యా 2017లో ప్లాస్టిక్ సంచుల మీద పెట్టిన కఠిన నిషేధం నిలిచింది. ఎందుకంటే సంచికి బదులు ఇంకో సంచి మర్నాడే దొరుకుతుంది. ఎరువుకు దొరకదు. ఇథియోపియా 2024లో పెట్రోలు, డీజిల్ కార్ల దిగుమతిని ఆపేసింది. జలవిద్యుత్తు సొంతం, ఇంధనం దిగుమతి కాబట్టి తర్కం సరిగ్గానే ఉంది. అక్కడ కార్లున్న కుటుంబాలు చాలా తక్కువ కాబట్టి దెబ్బ తగిలేవారూ తక్కువే.

ఖనిజాలు, అడవులు

ఇండోనేషియా 2020 జనవరి నుంచి ముడి నికెల్ ఎగుమతిని ఆపి, శుద్ధి కర్మాగారాలను దేశంలోకే రప్పించింది. ఇప్పుడు ప్రపంచ నికెల్ గనుల ఉత్పత్తిలో సగానికి పైగా అక్కడిదే. అయితే ఆ కర్మాగారాల కోసం ప్రత్యేకంగా బొగ్గు విద్యుత్ కేంద్రాలు కట్టారు. ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీలకూ పనికొచ్చే లోహం బొగ్గు పొగలోంచి వస్తోందన్నమాట. పరిశ్రమ విధానంగా ఇది గెలుపే. హరిత విధానం అనడానికి నాకు నోరు రాదు. పైగా మార్కెట్‌ను శాసించేంత నిల్వలు లేని దేశం ఇదే పని చేస్తే కొనుగోలుదారు పక్క దేశానికి వెళ్లిపోతాడు.

కోస్టారికా దారి నిశ్శబ్దమైనది. 1996 అటవీ చట్టం కింద, అడవిని నిలిపి ఉంచిన భూయజమానులకు చెల్లింపులు మొదలుపెట్టింది. అందుకు ఇంధన పన్నులో కొంత భాగాన్ని కేటాయించింది. దాతల దయ మీద ఆధారపడని ఆదాయం కావడమే దాని బలం. 1980లలో బాగా కుంచించుకుపోయిన అడవి ఇప్పుడు దేశ భూభాగంలో సగం దాటింది. అందులో నరికివేత నిషేధానికి, పడిపోయిన పశువుల ధరలకు, పర్యాటకానికి కూడా వాటా ఉంది. ఎవరి భూమి ఎవరిదో రికార్డుల్లో తేలని చోట ఈ పథకం పెడితే చెల్లింపులు చేరేది పలుకుబడి ఉన్నవారికే.

ఎవరికి ఏది

చమురు దిగుమతి చేసుకునే, అప్పులున్న దేశమైతే గ్రిడ్‌తో మొదలుపెట్టి వేలాలకు వెళ్లండి. ఆలోపు నగదు బదిలీ ఏర్పాట్లు చేసుకుని, చమురు చవకైన రోజు కోసం సబ్సిడీ సంస్కరణను సిద్ధంగా ఉంచుకోండి. మారకపు రేటు దెబ్బను విద్యుత్ సంస్థ ఒక్కటే మోయకుండా, ఒప్పందాల్లో కొంత భాగమైనా స్థానిక కరెన్సీలో ఉండేలా బేరమాడండి. ధర కాస్త ఎక్కువ పడుతుంది. అది బీమా ప్రీమియం కిందికి వస్తుందనుకోండి.

బొగ్గు మీద లక్షల కుటుంబాలు బతికే దేశానికి తొందర పనికిరాదు. కొత్త బొగ్గు కేంద్రాలు ఆపడం, పాతవాటిని మూయడం వేర్వేరు నిర్ణయాలు. మొదటిదానితో ఎవరి ఉద్యోగమూ పోదు కాబట్టి అది ఈ రోజే చేయవచ్చు.

యూరప్‌కు ఉక్కో సిమెంటో అమ్మే దేశం కర్బన పన్నును చిన్న మొత్తంతో ఇప్పుడే మొదలుపెట్టడం లాభం. అడవులున్న దేశానికి భూమి సర్వే మొదటి పని. అదేమీ ఆకర్షణీయమైన హరిత పథకంలా కనిపించదు, నిధులిచ్చేవారికి చూపించడానికి ఫొటోలూ రావు. చమురు ఎగుమతి చేసే దేశాల కథ పూర్తిగా వేరు. వారి మొదటి సమస్య బడ్జెట్‌లో పన్నుల వాటా పెంచుకోవడం, అది ఈ పోలికకు అందేది కాదు.

చేతిలో అధికారం లేని పాఠకులకూ అడగవలసిన ప్రశ్నలున్నాయి. వాతావరణ నిధుల ప్రకటన వచ్చినప్పుడు అందులో గ్రాంటు ఎంత, అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఏ కరెన్సీలో తీర్చాలి అని విలేకరి అడగాలి. సౌర పార్కుకు శంకుస్థాపన జరిగితే దానికి లైను ఏ తేదీకి వస్తుందని ప్రతిపక్షం నిలదీయాలి. విద్యుత్ కేంద్రం మూసే తేదీ ప్రకటించకముందే కార్మిక సంఘం కాంట్రాక్టు కార్మికుల పేర్లతో జాబితా తయారుచేసుకోవాలి. మూతపడ్డాక కాంట్రాక్టర్లు వెళ్లిపోతారు, హాజరు పుస్తకాలు వారితోపాటే పోతాయి. అక్కడ పనిచేసినట్టు రుజువు లేనివారి పేరు ఏ పునరావాస పథకంలోనూ ఉండదు.